ముప్పై ఒకటో పంటు పనసకాయ జెండా

సోమవారం

వంట: అన్నం, కందిపప్పు, దోసకాయ పచ్చడి.

ఈ పుస్తకంలో ఏ రోజు ఏం వండానో తప్ప వేరే ముక్క రాయకూడదని అట్ట మీదే అచ్చు వేశారు. నేను రాస్తాను. ఎవరొచ్చి అడుగుతారో అదీ చూస్తాను. నా పొయ్యి ఆర్పేస్తామని కబురు పంపినవాళ్ళకి నా రాత గురించి మాట్లాడే హక్కు లేదు.

పొద్దున పప్పు ఉడుకుతుండగా కొంగ దిగింది. నిజం కొంగ కాదు, తనిఖీ యంత్రం. పొడుగు మెడ, ఒంటికాలు, రెండు గాజుకళ్ళు ఉండబట్టి ఆ పేరు పెట్టుకున్నాం. మా పంటు నడిమధ్యన కాలు మోపి, మెడ నిక్కించి, ఆదేశం చదివింది. దానికి తెలుగు ఎవరు నేర్పారో గానీ శిలాశాసనం చదువుతున్నట్టు ఉంటుంది.

సంగతి ఇదీ. ఐదేళ్ళ కిందట సూర్యుడు ఒక్కసారి భగ్గుమన్నాడు కదా, అప్పటినుంచి ఫోన్లు లేవు, పైన ఉపగ్రహాలూ లేవు. యంత్రాలన్నీ కళ్ళతో చూసిందే నమ్ముతున్నాయి. ఊళ్ళు మునిగాక మేము కాపురాలు పెట్టిన, సముద్రం మీద తేలే ఈ పంటులు చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినవి. సరుకులు మోసే ఎగిరే యంత్రాలకి, అదే మా గద్దలకి, ఏది ఎవరిదో తెలియడం లేదు. పోయిన నెల మా చింతపండు బస్తా ముప్పయ్యో పంటుకి వెళ్ళిపోయింది, వాళ్ళ జావ పొడి మాకొచ్చింది. అందుకని వచ్చే ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ప్రతి పంటూ తనదైన గుడ్డ జెండా ఎగరెయ్యాలి. ఇంట్లోనే, చేత్తోనే కుట్టాలి. ఒకదానిలా ఇంకోటి ఉండకూడదు. జెండా నమోదు కాని పంటుని పక్క పంటులో కలిపేస్తారు. ఒక పంటు, ఒక జెండా, ఒక వంటగది.

మా పక్కది ముప్పై. చుట్టుపక్కల మిగతా పంటుల్లోలాగే అక్కడి వంటగదిలోనూ మనిషే ఉండడు. యంత్రం జావ కాచి గొట్టాల్లో ఇంటింటికీ పంపుతుంది. ఎవరి రక్తం ఎంత చెబితే అంతే ఉప్పు. కారం లేదు, పులుపు లేదు, రెండోసారి వడ్డించడమన్నదే లేదు. మమ్మల్ని అందులో కలిపితే ఇరవై రెండేళ్ళుగా వెలుగుతున్న నా పొయ్యి ఆరిపోతుంది. మంగతాయారు అనే నేను, రెండొందల పన్నెండు మందికి వండి పెట్టిన దాన్ని, గిన్నె పట్టుకుని గొట్టం ముందు నిలబడాలి.

కొంగ ఎగిరిపోయిందో లేదో, ముప్పై మీదనుంచి తగరపు బాకా మోగింది. మా ఆయన అక్కగారు రామసీత వదిన. ఆరేళ్ళ కిందట అక్కడికి మారింది. ఫోన్లు పోయినప్పటినుంచి ఆ బాకాలోంచి నాకు గొప్పలు చెప్పడమే ఆవిడ పని. వాళ్ళ జెండా సగం అయిపోయిందట, దాని మీద గొట్టం బొమ్మ కుట్టారట.

"ఏమే తాయారూ, ఆదివారం నుంచి నువ్వూ మా గొట్టం కిందకే వచ్చేస్తావంట గదా. పెద్ద గిన్నె తెచ్చుకోకు, ఇక్కడ కొలిచే పోస్తాది."

ఆవిడ మీద కోపంతో పొయ్యి మంట పెంచాను. పప్పు మాడింది.

పంటు పెద్ద సూర్యభాస్కరం మాస్టారు అందర్నీ పోగేశారు. కుట్టడం ఎవరికి వచ్చని అడిగారు. ఎవరికి వస్తుంది? అందరం కట్టేది డబ్బా బట్ట. పొద్దున ఒంటి మీద పిచికారీ కొట్టుకుంటాం, సాయంత్రం ఉప్పునీళ్ళు పోసుకుంటే కరిగిపోతుంది. సూది చూసి ముప్పై ఏళ్ళయినవాళ్ళే అందరూ. నా దగ్గర మాత్రం బియ్యం బస్తాల మూతులు కుట్టే దబ్బనం ఉందని మా ఆయన సత్తిరాజు నోరు జారాడు. రెండొందల పదకొండు మంది నా వైపు తిరిగారు.

మంగళవారం

వంట: అన్నం, ఎండుచేపల ఇగురు, చారు.

గుడ్డ కోసం ఊరంతా గాలించాను. నేసిన గుడ్డ అనేది మొత్తం పంటు మీద రెండే చోట్ల దొరికింది. ఒకటి మాస్టారి పెళ్ళినాటి పంచె. ఇస్తానన్నారు, ఇచ్చారు, మళ్ళీ వచ్చి ఓసారి చూసుకుని వెళ్ళారు. అలా నాలుగుసార్లు చూసుకున్నారు. రెండోది మా ఆయన ఆకుపచ్చ లుంగీ. ఇంట్లో ఉన్నప్పుడు డబ్బా బట్ట కొట్టుకోడు, లుంగీయే కడతాడు. అడిగితే, ఇది తనకి ఒంటి మీద చర్మం లాంటిదన్నాడు. నా పొయ్యి కావాలో లుంగీ కావాలో తేల్చుకోమన్నాను. మధ్యాహ్నం భోజనం వేళకి తేల్చుకున్నాడు.

జెండా పొడుగు మూడు మూరలు, వెడల్పు రెండు మూరలు ఉండాలి. ఒక అంచు నేను కొలిచాను, ఎదుటి అంచు మా ఆయన కొలిచాడు. కోసి పరిచాక చూస్తే ఒక పక్క నాలుగు వేళ్ళు ఎక్కువ. ఆయన మూర, నా మూర ఒకటి కాదన్న సంగతి ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఇవాళే తెలిసింది. తప్పు నీదంటే నీదని అరగంట అనుకున్నాం. చివరికి ఆ నాలుగు వేళ్ళూ కర్రకి తొడిగే గొట్టం మడతలో కలిపేశాను.

బుధవారం

వంట: అన్నం, వంకాయ కూర, మజ్జిగ. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఎవరూ ఏమీ అనలేదు, ఈ వారం నాతో మాట్లాడాలంటే అందరికీ భయంగా ఉంది.

జెండా మీద ఏ బొమ్మ ఉండాలన్నదాని మీద మాస్టారు సభ పెట్టారు. పెట్టకుండా ఉంటే పోయేది. మా ఆయన కోడిపుంజు కావాలన్నాడు. పంటు మొత్తానికి పుంజు ఉన్నది ఆయనకొక్కడికే. ఒకరు పులస అన్నారు. ఒకరు వాళ్ళ తాత నడిపిన ఆటో అన్నారు. మాస్టారు తెరిచిన పుస్తకం అన్నారు, అదీ మరీ మొహమాటపడుతూ. సముద్రం కింద మునిగిన మా కొబ్బరితోటలకి గుర్తుగా కొబ్బరిచెట్టు వెయ్యమని ఇంకొకరు. చీకటి పడేలోపు పందొమ్మిది బొమ్మలు తేలాయి, నాలుగు కుటుంబాలు మాటలు మానేశాయి.

నేను లేచి ఒకటే చెప్పాను. నా దగ్గర ఉన్నది దబ్బనం. దానితో కొమ్మలూ రెక్కలూ ఈకలూ రావు, గుండ్రంగా ఉండేది ఏదైనా అయితే కుడతాను. లుంగీ ఆకుపచ్చ. కాబట్టి పనసకాయ. అది కావాలని ఎవరూ అడగలేదు, అందుకే వద్దని కూడా ఎవరూ అనలేకపోయారు.

గురువారం

వంట: గంజన్నం, ఆవకాయ. చేతులు ఖాళీ లేవు, తిన్నవాళ్ళు తిన్నారు.

పొద్దున్నుంచి కుడుతూనే ఉన్నాను. దారం లేదు గనక చేపల వల దారం వాడాను. అంచులు రెండేసి మడతలు పెట్టాను, గాలికి పీచు లేవకుండా. లుంగీలోంచి పనసకాయ కత్తిరించి పంచె మధ్యలో అతికాను. ముళ్ళ కోసం పైనంతా ముడులు వేశాను. పూర్తయ్యాక గోడకి ఆనించి దూరంనుంచి చూశాను. పనసకాయలా లేదు. ఏమిటోలా ఉంది.

చూడ్డానికి ఒక్కొక్కరే వచ్చారు. మా ఆయన చూసి, చెప్పకుండానే పుంజు కుట్టేశావని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పులస అడిగినావిడ పొలుసులు బాగా వచ్చాయంది. మాస్టారు చాలాసేపు చూసి, పుస్తకం మూసి ఉన్నా ఫరవాలేదన్నారు. నేను ఎవరినీ కాదనలేదు. ఇరవై రెండేళ్ళు వండి పెట్టినదాన్ని, తినేవాళ్ళు ఏ రుచి చెబితే దానికి తలూపడం నాకు అలవాటే.

దబ్బనం చేసిన కన్నాలు పెద్దవి. గాలి వీస్తే జెండా ఈల వేస్తోంది. కన్నాలు పూడతాయని గంజి పెట్టి ఆరేశాను. మరీ చిక్కటి గంజి పెట్టానేమో, అప్పడంలా నిలబడింది. మా ఆయన పుంజు వచ్చి అంచున ఉన్న మెతుకులు పొడుచుకు తింటుంటే పీట విసిరాను. పుంజుకి తగల్లేదు, మా ఆయనకి తగిలింది.

శుక్రవారం

వంట: ఈ రోజు వంట గురించి నన్ను అడగొద్దు.

జెండా కర్రకి తొడగబోతుంటే మా పంటులో అందరికన్నా పెద్దావిడ పేరమ్మగారు ఆపారు. కొత్త బట్ట కదమ్మా, పసుపు పెట్టకుండా ఎలా కడతారని అడిగారు. నాకు సిగ్గేసింది. చిన్నప్పుడు గౌను కొన్నా, మా నాన్న పంచె కొన్నా, ముందు మూలకి పసుపు బొట్టు పెట్టాకే ఒంటి మీదకి వెళ్ళేది. డబ్బా బట్ట వచ్చాక పసుపు పెట్టడానికి మూలలే లేకుండా పోయాయి. కొత్త గుడ్డ అనేది మా కళ్ళ పడి ముప్పై ఏళ్ళు.

పసుపు తడిపి ఒక్కో మూలకీ ఒక్కో బొట్టు పెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. పేరమ్మగారు తనూ పెట్టారు. ఆవిడ పెట్టాక ఆవిడ కోడలు పెట్టింది. అంతే, ఆడవాళ్ళందరూ వరస కట్టారు. నేను పెట్టకపోతే ఏమనుకుంటారో అని కొందరు, ముప్పై ఏళ్ళ ముచ్చట అని కొందరు. డెబ్భై మంది తలొక వేలూ అద్దేసరికి నాలుగు మూలలా నాలుగు అప్పాలంత పసుపు తేలింది. చాలా బాగుంది. నాకు ఏడుపొచ్చింది.

జెండా ఎత్తాం. ఈల వేసింది. అందరం చప్పట్లు కొట్టాం. సరిగ్గా అప్పుడే ఉప్పు, మిరపకాయలు తెస్తున్న గద్ద ఒకటి మా మీదికి వచ్చి, జెండా చూసి, గాల్లోనే వెనక్కి తిరిగి పారిపోయింది. చుట్టూ ఉన్న చేపల పడవలు కూడా తెరచాపలు తిప్పేశాయి. ముప్పై మీద జనం ఇళ్ళలోకి దూరి తలుపులేసుకున్నారు.

పావుగంటలో కొంగ వచ్చింది. కాలు కింద మోపకుండా గాల్లోనే నిలబడి చదివింది.

"తమ జెండా నాలుగు కోణములయందు పసుపు వర్ణము గోచరించుచున్నది. కావున తమ పంటునందు నాలుగు విధములైన అంటువ్యాధులు ప్రబలియున్నట్లు గ్రహించడమైనది."

జెండా మూలల్లో ఏ రంగుంటే ఏ కబురో నియమాల పుస్తకంలో ఉందట. పసుపు అంటే రోగం. ఒక్కో మూలకీ ఒక్కో రోగం. నలభై రోజులు మమ్మల్ని ఎవరూ ముట్టకూడదు, మేము ఎక్కడికీ వెళ్ళకూడదు. అది పోనీ. రోగిష్టి పంటు జెండా నమోదు చెయ్యరట. ఆదివారం పన్నెండుకి మూలలు తెల్లగా లేకపోతే, నలభై రోజులు గడవగానే మమ్మల్ని ముప్పైలో కలిపి నా వంటగదికి తాళం వేస్తారు.

అందరూ మాస్టారి వైపు చూశారు. పంటు పెద్ద గనక ఆ నియమాల పుస్తకం ఆయన చేతిలోనే ఉంది.

"ఆ రంగుల పేజీలు నేను చదవలేదు తాయారమ్మా. చివర్లో ఉన్నాయి గదా, పరీక్షకి రావనుకున్నాను."

నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి ఈయన.

శనివారం

వంట: అన్నం, చింతపండు పచ్చిపులుసు. ఎందుకో కింద రాస్తాను.

తెల్లారగానే జెండా దింపి బట్టల సోడా వేసి ఉతికాను. ఇరవై రెండేళ్ళు పసుపుతో బతికినదాన్ని, నాకు గుర్తుండాలి. సోడా తగిలితే పసుపు ఏమవుతుంది? ఎర్రబడుతుంది. నా కళ్ళ ముందే నాలుగు మూలలూ కుంకుమలా అయిపోయాయి. ఎంత ఉతికితే అంత ఎరుపు. ఆరాక పోతుందేమోనని మా ఆయన తెలివి ఉపయోగించి, నేను వద్దనే లోపు దాన్ని కర్రకి ఎక్కించాడు.

కాపలాగా తిరుగుతున్న కొంగ అది చూసి ఒక్క ఉదుటున మైలు దూరం ఎగిరిపోయింది. అక్కడినుంచి గట్టిగా చదివింది. ఎరుపు అంటే పేలుడు పదార్థాలట. నాలుగు మూలలా ఉన్నాయి గనక పంటు నిండా ఉన్నట్టేనట. ఎవరూ పొయ్యి వెలిగించరాదు, తుమ్మరాదు అంది. తుమ్మకూడదని చెబితే తుమ్ము రాకుండా ఉంటుందా, మాస్టారికి వరసగా ఆరు వచ్చాయి. ఆరోదానికి కొంగ ఇంకో మైలు వెనక్కి జరిగింది.

ఎరుపుకి విరుగుడు పులుపు. ఉన్న చింతపండంతా గుండిగలో పిసికి జెండా ముంచాను. ఎరుపు పోయింది, పసుపు తిరిగొచ్చింది. కొంగ కూడా తిరిగొచ్చింది.

"పేలుడు పదార్థములు తొలగినవి. వ్యాధులు తిరగబెట్టినవి."

పసుపు మరక పోవాలంటే ఎండ ఒక్కటే మందు. రెండు రోజులు మంచి ఎండ కొడితే తెల్లబడుతుంది. తలెత్తి చూస్తే ఆకాశమంతా మబ్బు. మూలలు కోసేద్దామన్నాడు మా ఆయన. ఈసారి పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివిన మాస్టారు వద్దని అడ్డుపడ్డారు. మూలలు లేని జెండా అంటే మునిగిపోతున్నామని అర్థమట, కోసిన మరుక్షణం అందరినీ ఎత్తుకెళ్ళి ముప్పైలో పడేస్తారట.

సాయంత్రం కొంగ చుట్టుపక్కల పంటులన్నిటికీ వినిపించేలా రోగం నియమాలు చదివింది. రోగమున్న చోట గొట్టాలు పనిచెయ్యకూడదు, వాటిలోంచి అంటుకుంటుంది గనక. మనిషి చేత్తో వండినదే తినాలి. రోగమున్న పంటుని ఆరోగ్యంగా ఉన్నదానితో కట్టకూడదు, రోగమున్నదానితోనే కట్టాలి. అలా కట్టినప్పుడు మాత్రం రోగం ముందు వచ్చినదాని జెండా అన్నిటికీ కలిపి నమోదవుతుంది. ఇదంతా నాకెందుకని లోపలికి వచ్చేశాను. ఆ గుండిగెడు చింతపండు పులుసులో ఉల్లిపాయలు కోసి పచ్చిపులుసు చేశాను. పొయ్యి ఎదురుగా కూర్చుంటే చాలా దిగులుగా ఉంది. నాకు వేరే పని రాదు. వేరే పని నేర్చుకోవాలని కూడా లేదు.

ఆదివారం

వంట: పులిహోర. మిగిలిన చింతపండు గుజ్జుతో.

పొద్దున లేచి చూస్తే మబ్బు అలాగే ఉంది. ఇంక ఏమీ చెయ్యడానికి లేదు. పోయేది ఎలాగూ పోతుంది, పోయే ముందు ఒక మంచి వంట వండుదామనుకున్నాను. దాచుకున్న వేరుశెనగపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు అన్నీ తీశాను. నూనె కాగాక ఇంగువ కాస్త ఎక్కువే వేశాను. తిరగమోత ఘుమఘుమలు గాలికి ముప్పై వైపు వెళ్ళాయి. వెళ్ళనీ, ఏడవనీ అనుకున్నాను.

పదకొండు గంటలకి మా ఆయన నన్ను చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. ముప్పై మీద గొట్టం బొమ్మ జెండా కిందికి దిగుతోంది. కాసేపటికి మళ్ళీ పైకి లేచింది. నాలుగు మూలలా పసుపు.

కొంగ అటు పరుగెత్తింది. అక్కడ చదివి ముగించేలోపు ఇరవై తొమ్మిది మీద పసుపు లేచింది. అటు వెళ్ళేసరికి ముప్పై రెండు. పాపం దానికి మెడ ఎటు తిప్పాలో తెలియలేదు. పన్నెండు కొట్టేవేళకి మాతో కలిపి నాలుగు పంటులు రోగిష్టివైపోయి, నియమం ప్రకారం మిగతా మూడింటినీ తెచ్చి మాకు కట్టేశారు. మొదట రోగం వచ్చినది మాకే గనక నాలుగింటికీ కలిపి మా జెండాయే నమోదు చేశారు. గొట్టాలన్నీ మూసేశారు. చేత్తో వండే పొయ్యి నాలుగు పంటుల్లోనూ ఒక్కటే ఉంది.

పంటుల మధ్య చెక్క పలక వెయ్యగానే ముందు దాటి వచ్చింది రామసీత వదిన. చేతిలో బాకా లేదు, కంచం ఉంది. వేళ్ళన్నీ పసుపుగా ఉన్నాయి. మీకు పసుపెక్కడిదని అడిగాను.

"అరుగుదలకని యంత్రం ఇచ్చే పసుపు మాత్రలే. ఇంటింటికీ తిరిగి పోగేసి నూరేను. ఆరేళ్ళయ్యిందే తాయారూ, ఇంగువ వాసన చూసి."

మరి ఇన్నాళ్ళూ ఆ గొప్పలెందుకని అడిగాను. బాగోలేదని చెబితే నువ్వు నవ్వుతావని అంది. నిజమే, నవ్వేదాన్ని. ఆవిడ మీద కోపం అంతా ఆ ఒక్క మాటతో పోయింది. పోవడం నాకు ఇష్టం లేదు, అయినా పోయింది.

గుండిగ తెచ్చి బయట పెట్టించాను. గరిటె తీశానో లేదో, కొంగ వచ్చి నెత్తి మీద గాల్లో నిలబడింది. నమోదు పత్రంలో ఒక గడి ఖాళీగా ఉందట.

"వ్యాధి నామము తెలుపవలెను. జ్వరము లేదు, దద్దుర్లు లేవు, దగ్గు లేదు. ఇది ఏ వ్యాధి?"

మాస్టారు నియమాల పుస్తకం చివరి పేజీలు గబగబా తిరగేస్తున్నారు. మా ఆయన పుంజుని చంకలో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. అబద్ధం చెబితే పట్టుకుంటుంది, నిజం చెబితే పొయ్యి పోతుంది. ఆలోచిస్తే నా దగ్గర రెండూ కాని మాట ఒకటి ఉంది.

"ఆకలండి."

"అంటువ్యాధియేనా?"

"మీకు రెండు కళ్ళున్నాయి గదండి. చూసి రాసుకోండి."

కొంగ మెడ సాచింది. రామసీత వదిన వెనకాల మొదలై, పలక దాటి, ముప్పై పొడుగునా సాగి, ఇరవై తొమ్మిది మలుపు దగ్గర కనబడకుండా పోయింది వరస. అందరి చేతుల్లోనూ కంచాలున్నాయి. ఆ చివరిదాకా చూసింది, మళ్ళీ నన్ను చూసింది, రాసుకుంది.

వదిన కంచంలో మొదటి గరిటె వేశాను. ఆవిడ కదలకుండా అక్కడే నిలబడింది, రెండోది కూడా వేశాను.